గోడమీద మరచిన ఛార్జరు

కొడవలి మొద్దువారినచో సానపెట్టుదుము. నాగలికఱ్ఱు అరిగినచో కమ్మరికొలిమికి కొనిపోవుదుము. ఎద్దునకు వేళకు మేత వేయని రైతును ఊరివారు నలుగురిలో తప్పుపట్టుదురు. పనిముట్టును కాపాడుకొనుట మన వృత్తితో పుట్టిన బుద్ధి. అయినను గత పది పదునైదు సంవత్సరములలో మన యిండ్లలోనికి వచ్చిచేరిన యొక పనిముట్టు విషయమున మాత్రము ఈ బుద్ధి పనిచేయుచున్నట్లు కానరాదు. అది సెల్ ఫోను.

దీనిని విలాసవస్తువని త్రోసివేయుటకు ఇప్పుడు వీలులేదు. పాలకేంద్రములో పోసిన పాల లెక్కయు, వెన్న పాళ్ళును ఫోనులోనికి వచ్చుచున్నవి. తోతాపురి కాయకు ఏ గుజ్జు ఫ్యాక్టరీవారు ఏమి ధర యిచ్చుచున్నారో, మండీలో బెల్లము ఏ రేటు పలుకుచున్నదో తెలిసికొనుట ఫోనుచేతనే. ఈ-పంట నమోదునకును, పి.ఎం. కిసాన్ సొమ్మునకును, బ్యాంకు లావాదేవీకిని వచ్చు రహస్యసంఖ్య ఫోనునకే వచ్చును. పొలములోని మోటారును ఇంటి అరుగుమీద కూర్చుండి ఆడించు స్టార్టర్లును వచ్చినవి. ఆ సంఖ్య వచ్చువేళకు ఫోను చచ్చియున్నచో రైతు మరియొక దినము పని మానుకొని తిరుగవలసివచ్చును. కావున సెల్ ఫోను నేడు కాడివలె, మేడివలె వ్యవసాయపు పనిముట్టు. కాని దానిని మనము కొడవలిని చూచుకొన్నంత శ్రద్ధతోనైనను చూచుకొనుట లేదు.

ఈ అశ్రద్ధవలన రెండు నష్టములు కలుగుచున్నవి. ఫోను తీసికొన్న పిమ్మట కూడ ఛార్జరును గోడమీటలోనే వదలి, మీట ఆర్పకుండుటచే ఊరక పోవు విద్యుచ్ఛక్తి మొదటిది. ఛార్జి చేయు తీరు తెలియక ఫోనులోని బ్యాటరీని తొందరగా అరగగొట్టుకొనుట రెండవది. మొదటిదానిని గూర్చి మాటలు ఎక్కువ, నష్టము తక్కువ. రెండవదానిని గూర్చి మాటలు తక్కువ, నష్టము ఎక్కువ. ఈ సంగతినే మన సంఘసభ్యుల యెదుట ఉంచదలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట లెక్క చూతము. ఇప్పటి మంచి ఛార్జరు, ఫోను తగిలింపక మీట వేసి యుంచినప్పుడు, ఒక వాటులో పదియవ వంతు గాని అంతకు తక్కువ గాని శక్తిని తీసికొనును. ఐరోపా సమాఖ్యవారు 2020 ఏప్రిల్ నుండి చిన్న ఛార్జర్లకు ఈ పదియవ వంతునే హద్దుగా ఏర్పరచిరి. సంవత్సరమునకు 8,760 గంటలు. పదియవ వంతు వాటు చొప్పున ఆ గంటలన్నియు గడచినను ఒక ఛార్జరు త్రాగునది 0.88 యూనిటు మాత్రమే. ఇంటిలో మూడు ఛార్జర్లు ఏడాది పొడవునను ఇట్లే యుండినను మూడు యూనిట్లకు మించదు. సొమ్ము లెక్కలో అది పది పండ్రెండు రూపాయలు. పూర్వపు బరువైన ఛార్జర్లు, లోపల తీగచుట్టతో కూడినవి, ఒక వాటో అంతకు పైగానో తీసికొనుచుండెను. అట్టిదానికి ఏడాదికి 9 యూనిట్ల వరకు పోవును. అట్టివి యింకను ఎవరి యింటనైన నున్నచో చేతితో తాకిచూచినంతనే తెలియును. ఫోను లేకున్నను వెచ్చగా నుండు ఛార్జరు ఊరక తినుచున్నదని అర్థము.

కాబట్టి వదలివేసిన ఛార్జరు మీ కరెంటు బిల్లులో సగము మ్రింగుచున్నదని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. అబద్ధపు లెక్కతో చెప్పిన మంచిమాట నిలువదు. రైతు తన బిల్లు తాను చూచుకొని, ఛార్జరు తీసినను బిల్లు తగ్గలేదని గ్రహించి, పిమ్మట చెప్పిన నిజమును కూడ నమ్మడు.

అట్లయిన మీట ఆర్పవలసిన పని యేమని అడుగవచ్చును. ఛార్జరును వదలిన చేయియే తక్కినవానిని కూడ వదలుచున్నది. టెలివిజను ప్రక్కనుండు సెట్ టాప్ పెట్టెను చూడుడు. రిమోటుతో ఆర్పినప్పుడు టెలివిజను నిద్రించును, ఇప్పటి టెలివిజను నిద్రలో అర వాటో ఒక వాటో తీసికొనును. కాని పలురకముల సెట్ టాప్ పెట్టెలు రిమోటుతో ఆర్పినను దాదాపు మెలకువగానే యుండును. పది వాట్లు తీసికొనుచుండుట సామాన్యము. దినమునకు నాలుగు గంటలు చూచి తక్కిన ఇరువది గంటలు దానిని అట్లే యుంచినచో దినమునకు ఐదవ వంతు యూనిటు, సంవత్సరమునకు 73 యూనిట్లు వృథా. ఒక్క పెట్టె ఎనుబది ఛార్జర్లపాటి తినుచున్నదన్నమాట. అయినను మనము ఛార్జరును నిందించి పెట్టెను మరచుచున్నాము.

ఈ 73 యూనిట్ల ధర ఎంత? 2022-23 సంవత్సరమునకు ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలివారు నిర్ణయించిన గృహవినియోగపు రేట్లలో నెలకు మొదటి 30 యూనిట్లకు యూనిటు 1 రూపాయి 90 పైసలు, 31 నుండి 75 వరకు 3 రూపాయలు, 76 నుండి 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 126 నుండి 225 వరకు 6 రూపాయలు. ఇది మెట్లలెక్క. మిగిల్చిన యూనిటు ఎల్లప్పుడును పైమెట్టునుండియే తగ్గును, క్రిందిమెట్టునుండి కాదు. నెలకు వంద యూనిట్లు వాడు ఇంటిలో సెట్ టాప్ పెట్టె వృథాచేయు ఆరు యూనిట్లు నాలుగున్నర రూపాయల మెట్టులోనివి. నెలకు 27 రూపాయలు, ఏడాదికి మూడువందల ఇరువది పైచిలుకు. మీట యొక్కటి ఆర్పినందుకు ఇది తక్కువ కూలి కాదు.

ఇక ఊరంతటి లెక్క చూతము. వేయి ఇండ్లలో ఇంటికి మూడేసి ఛార్జర్లు ఊరక ఉన్నచో ఏడాదికి సుమారు 2,600 యూనిట్లు. ఐదు హార్సుపవరు మోటారు గంటకు నాలుగున్నర యూనిట్లు తీసికొనుననుకొన్నచో, ఆ శక్తితో దానిని సుమారు 580 గంటలు ఆడింపవచ్చును. దినమునకు 9 గంటల చొప్పున అది రెండు నెలల నీరు. ఆ వేయి ఇండ్లలోని సెట్ టాప్ పెట్టెల వృథాతో అదే మోటారు సుమారు ఐదేండ్లు ఆడును. చెరువుతూము బిరడా సరిగా కూర్చుండనప్పుడు కారు నీటిని చూచి, ఇది యెంతలే అని ఏ నీరుకట్టువాడును ఊరకుండడు. రాత్రియెల్ల కారిన నీరు ఒక మడికి చాలునని అతడెరుగును. గోడమీటలలో కారునది కంటికి కనబడదు, చెవికి వినబడదు. అందుచేతనే దానికి నీరుకట్టువాడు లేకపోయెను.

ఈ కనబడని కారుడును గూర్చి ప్రపంచమున చర్చ క్రొత్తది కాదు. ఏ పరికరమును నిద్రలో ఒక వాటునకు మించి తీసికొనరాదను ప్రతిపాదనను అంతర్జాతీయ శక్తిసంస్థ 1999లో ముందునకు తెచ్చెను. మన దేశములో 2001 నాటి శక్తిసంరక్షణ చట్టము క్రింద 2002లో ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడి, పరికరములకు నక్షత్రముల గుర్తులు వేయుచున్నది. పరికరములు చేయువారు తమ పని కొంత చేసిరి. ఛార్జరు వృథా ఒక వాటునుండి పదియవ వంతునకు దిగుట ఆ కృషి ఫలమే. మిగిలినది గోడమీటను తాకు వ్రేలి పని.

ఇప్పుడు పెద్దనష్టమగు బ్యాటరీ సంగతికి వచ్చెదము.

పదివేల రూపాయల ఫోను బ్యాటరీ చచ్చి రెండేండ్లకే మూలబడినచో ఏడాదికి ఐదువేలు ఖర్చు. అదే ఫోను నాలుగేండ్లు నిలిచినచో ఏడాదికి రెండువేల ఐదువందలు. ఈ తేడా యెక్కడ, ఛార్జరు ఊరక త్రాగు పండ్రెండు రూపాయలెక్కడ! ఇంటిలో మూడు ఫోనులున్నచో ఆ తేడా ఒక పాడియావు దాణాఖర్చులో కొంతభాగమునకు సరిపోవును. కాబట్టి బ్యాటరీని నిలుపుకొనుటయే అసలు పొదుపు.

బ్యాటరీలు మనకు క్రొత్త కాదు. మన ప్రాంతపు పేటమిట్ట గ్రామమున జన్మించిన గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో స్థాపించిన అమరరాజా బ్యాటరీల సంస్థ తిరుపతి చెంతనున్న కరకంబాడిలోను, చిత్తూరు ప్రాంతములోను ఫ్యాక్టరీలు నడుపుచున్నది. ఆ ఫ్యాక్టరీలలో పనికి పోవు బిడ్డలు మన పల్లెలలో పలువురు కలరు. ట్రాక్టరు బ్యాటరీకి శుద్ధజలము పోయుట, ఇన్వర్టరు బ్యాటరీని ఎండిపోనీయకుండుట మనకు తెలిసిన విద్యలే. అయితే చిక్కు అచ్చటనే యున్నది. ట్రాక్టరు బ్యాటరీకి తగిన అలవాటును మనము ఫోను బ్యాటరీకి పెట్టుచున్నాము.

ట్రాక్టరులోనిది సీసము, ఆమ్లముతో చేసిన బ్యాటరీ. దానికి నిండుగా నుండుటయే ఆరోగ్యము. ఖాళీగా విడిచినచో లోపలి పలకలమీద గంధకపు ఉప్పు గట్టిపడి మరల నిండదు. కాబట్టి దానిని ఎల్లప్పుడును నింపియుంచవలెను. తొలినాటి కొన్ని ఫోనులలోను, రీఛార్జి దీపములలోను నికెల్, కాడ్మియముతో చేసిన బ్యాటరీలుండెడివి. వానిని అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీచేసి నింపవలెనని చెప్పుచుండిరి; ఆ మాట వానికి తగినదే. నేటి ఫోనులోనిది లిథియము బ్యాటరీ. సోనీ సంస్థ 1991లో దీనిని విపణిలోనికి తెచ్చెను. దీనికి మూలమగు పరిశోధన చేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఈ బ్యాటరీ గుణము పై రెండింటికిని భిన్నము. దీనికి నిండుటయు ఇష్టము కాదు, ఎండుటయు ఇష్టము కాదు. నడిమి స్థితియే దీనికి హితము.

ఏలయన, ఈ బ్యాటరీ నిండుచున్నప్పుడు లిథియపు కణములు ఒక పలకనుండి వెడలి రెండవదియగు గ్రాఫైటు పలకలో దూరి కూర్చుండును. నిండినకొలది లోపలి వోల్టేజి హెచ్చును. గాదెలో ధాన్యమును క్రుక్కిక్రుక్కి నింపినప్పుడు గోడలమీద ఒత్తిడి హెచ్చునట్లే ఇచ్చట పలకలమీదను, ద్రవముమీదను ఒత్తిడి హెచ్చును. గ్రాఫైటు పలకమీద సన్నని పొర యొకటి ఏర్పడి క్రమముగా దళసరియగుచు కొంత లిథియమును శాశ్వతముగా పట్టుకొనును. పట్టువడిన లిథియము మరల పనికి రాదు. ఈ పొర పెరుగుటకు వేడిమి మిక్కిలి తోడ్పడును. నిండుదనము, వేడిమి రెండును కలసినప్పుడు అరుగుదల వేగమగును. నిండుగా నింపి నలువది డిగ్రీల వేడిలో ఒక సంవత్సరముంచిన లిథియము బ్యాటరీ తన శక్తిలో సుమారు మూడవ వంతును పోగొట్టుకొనును. సగమునకు తక్కువగా నింపి అదే వేడిలో ఉంచినచో పోవునది ఆరవ వంతు ప్రాంతముననే యుండును. బ్యాటరీ రకమునుబట్టి ఈ లెక్కలు కొంత మారవచ్చును గాని దారి మాత్రము ఇదియే.

మన చిత్తూరు జిల్లాలో ఏప్రిల్, మే నెలలలో నలువది డిగ్రీలు క్రొత్త కాదు. రేకులయింటిలో అంతకు మించును. ట్రాక్టరు అద్దము వెనుక ఎండలో పెట్టిన ఫోను, మామిడితోటలో కోతలనాడు చొక్కాజేబులో నిండుగా నింపిన ఫోను, రాత్రి దిండు క్రింద దూర్చి ఛార్జి చేయు ఫోను, ఈ మూడును బ్యాటరీకి శత్రువులే. మూడవది మనుష్యునకును శత్రువు. పరుపు, దిండు వేడిని పోనీయవు. చెడిన బ్యాటరీ యుబ్బినచో, చెడిన ఛార్జరు కాలినచో పక్కయే అంటుకొనును. ఛార్జి వేళ ఫోనును గట్టినేలమీదనో, బల్లమీదనో, గాలి తగులుచోట ఉంచవలెను. దళసరి కవచమున్నచో తీసివేయవలెను. ఛార్జి యగుచుండగా పిల్లలు ఆటలాడుట, సినిమాలు చూచుట మాన్పింపవలెను. నింపుటవలన ఒక వేడి, ఆడుటవలన ఇంకొక వేడి.

రాత్రి పదిగంటలకు ఛార్జిలో పెట్టి తెల్లవారి ఐదింటికి తీయుట మనలో చాలమంది అలవాటు. ఫోను నిండినంతనే తానే ఆపుకొనును గావున ప్రమాదము లేదని కొందరందురు. ఆపుకొనునది నిజమే. కాని ఆపుకొన్న పిమ్మట కొంచెము తగ్గును, మరల నింపుకొనును, మరల తగ్గును. అర్ధరాత్రికే నిండినచో తక్కిన ఐదు గంటలును నూటికి నూరుపాళ్ళ ఒత్తిడిమీద, వెచ్చదనముమీద నిలిచియుండును. ఒక రాత్రితో ఏమియు కాదు. ఏడాదికి మున్నూట అరువదియైదు రాత్రులు.

దీనికి సభ్యులు చెప్పు జవాబు మేమెరుగుదుము. పగలంతయు పొలములో నుందుము, రాత్రిగాక ఛార్జి యెప్పుడు పెట్టుకొందుమని అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మూడు దారులు కలవు. మొదటిది, సాయంకాలము పాలు పితికి, భోజనముచేసి, వార్తలు వినులోపల ఛార్జిలో పెట్టి, పండుకొనుటకు ముందు తీసివేయుట. ఇప్పటి ఫోనులు ఆ గంట, గంటన్నరలో చాలవరకు నిండును. రెండవది, వేకువ లేచినది మొదలు పొలమునకు బయలుదేరువరకు పెట్టుట. మూడవది, క్రొత్త ఫోనులలో నూటికి ఎనుబది పాళ్ళవద్ద ఆపుమను ఏర్పాటుగాని, తెల్లవారు వేళకే నిండునట్లు నిదానించు ఏర్పాటుగాని ఉండుట. ఆ ఏర్పాటు మీ ఫోనులో ఉన్నదో లేదో ఇంటిలోని చదువుకొను బిడ్డను అడిగినచో రెండు నిమిషములలో చూపును. అది యున్నవారు రాత్రియంతయు పెట్టినను బాధలేదు.

కొంచెము కొంచెముగా పలుమార్లు ఛార్జి పెట్టినచో బ్యాటరీ చెడునను అపోహ కూడ కలదు. లిథియము బ్యాటరీ ఆయుస్సును పూర్తివిడతలతో లెక్కింతురు. నేడు సగము, రేపు సగము నింపినచో రెండు దినములకు కలిపి ఒక్క విడతయే. మామూలు బ్యాటరీ మున్నూరు మొదలు ఐదువందల పూర్తివిడతల పిమ్మట నూటికి ఎనుబది పాళ్ళ శక్తికి దిగుట సాధారణము; మేలైనవి అంతకు మించి నిలుచును. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలునకు వచ్చిన నియమము ప్రకారము అచ్చట అమ్మజూపు ఫోను బ్యాటరీ ఎనిమిదివందల విడతల తరువాతను ఎనుబది పాళ్ళు నిలువవలెను. ఇరువదికి తగ్గకముందే పెట్టుట, ఎనుబది, తొంబదివద్ద తీయుట ఆ విడతలను ఎక్కువ కాలము పంచుకొను ఉపాయము. అట్లని ఇది మడిగట్టుకొని చేయవలసిన వ్రతము కాదు. తిరుపతికో, మద్రాసునకో దూరప్రయాణము పోవునాడు నూరుపాళ్ళు నింపుకొనుడు. వాడుకొనుటకే నింపుచున్నారు గావున దోషము లేదు. నింపి ఊరక వేడిలో ఉంచుటయే దోషము. వాడక పెట్టెలో దాచు పాతఫోనును మాత్రము సగము నింపి, ఆర్పి దాచవలెను.

ఇక ఛార్జరు నాణెమును గూర్చి ఒక హెచ్చరిక. సంతలో నూరు రూపాయలకు దొరకు పేరులేని ఛార్జరు నూరు రూపాయల సరుకే. అందులో గోడకరెంటును ఫోనుకరెంటునుండి వేరుచేయు అడ్డుగోడ బలహీనముగా నుండుటకద్దు. అది తెగినచో ఛార్జి యగుచున్న ఫోనును చెవికి పెట్టుకొనినవానికి ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. మన దేశములో ఫోను ఛార్జర్లకు భారత ప్రమాణముల సంస్థవారి నమోదు తప్పనిసరి. ఛార్జరుమీద ఆ సంస్థ గుర్తును, ఆర్ అను ఇంగ్లీషు అక్షరముతో మొదలగు సంఖ్యయు ఉండవలెను. ఆ సంఖ్య నిజమో కాదో బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో సరిచూచుకొనవచ్చును. విత్తనపుసంచిమీద ముద్ర చూడక కొననివారము ఛార్జరుమీద ముద్ర చూడక ఏల కొనవలెను?

గోడమీద ఛార్జరును వదలుటలో యూనిట్ల నష్టము స్వల్పమైనను వేరొక అపాయము కలదు. వేసవిలో ఉరుములతో వానలు పడునప్పుడు, లైను చివరి పల్లెలలో న్యూట్రలు తీగ తెగినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా ఎగయును. ఆ క్షణమున గోడకు తగిలియున్నవి దెబ్బతినును, తీసియున్నవి మిగులును. పది రూపాయల కరెంటుకొరకు కాకున్నను, ఐదువందల ఛార్జరుకొరకైనను, దానికి తగిలియున్న ఫోనుకొరకైనను ప్లగ్గు తీయుట మేలు.

వదలివేసిన మీట చేయు హాని రైతుకు తెలియనిది కాదు. మోటార్లకు ఆటోస్టార్టర్లు పెట్టి మరచినప్పుడు ఏమగుచున్నదో చూచుచున్నాము. కరెంటు వచ్చిన క్షణముననే ఆ ట్రాన్స్‌ఫార్మరు క్రిందనున్న మోటార్లన్నియు ఒకేసారి లేచును. లేచునప్పుడు మోటారు మామూలుకంటె ఐదారు రెట్లు కరెంటు లాగును. ట్రాన్స్‌ఫార్మరు ఆ బరువు మోయలేక కాలిపోవును. క్రొత్తది వచ్చువరకు అందరి పైరును ఎండును. ఆటోస్టార్టరు తీసి, కెపాసిటరు బిగించుకొనుడని విద్యుత్ సంస్థవారు ఏండ్ల తరబడి కోరుచునే యున్నారు. ఇంటిగోడమీది ఛార్జరును పొలములోని ఆటోస్టార్టరును ఒకే యలవాటు పిల్లలు. నేను లేనప్పుడును అది తనంతట తాను ఆడుచుండవలెనను అలవాటు. ఇంటిలో మీటను ఆర్పు బిడ్డ రేపు పొలములోను ఆర్పును. వ్యవసాయపు కరెంటునకు బిల్లు లేనందున వృథా కూడ లేదని తలపరాదు. ఆ సొమ్ము మనము చెల్లింపకున్నను ఎవరో చెల్లించుచున్నారు, ఆ నీరు మాత్రము మన భూమినుండియే పోవుచున్నది.

ఈ వ్యాసము వ్రాయబూని మేము మొదట మా కార్యాలయపు గోడలనే చూచితిమి. దాచనేల? ఎవరిదో తెలియని ఛార్జరులు రెండు మీట వేసి వ్రేలాడుచుండెను. ముద్రణయంత్రము పనిలేకున్నను కన్ను ఎఱ్ఱగా తెరచియుండెను. కంప్యూటరు నిద్రలోనుండెను గాని ఆరలేదు. 2022 జూన్‌లో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటర్లు సమకూర్చు పథకమును ఆమోదించెను. లెక్కలు సరిగా నుండుటకు అది మిక్కిలి మేలు. కాని కంప్యూటరు వచ్చినచోట దాని మీటను ఆర్పు బాధ్యుడు కూడ ఉండవలెను. సభ్యులకు నీతి చెప్పుటకు ముందు సంఘము తన గోడను చక్కబెట్టుకొనవలెనని మాకు తోచినది. ఇప్పుడు సాయంకాలము తలుపు వేయు ఉద్యోగియే మీటలన్నియు ఆర్పి తాళము వేయుచున్నాడు.

ఇది ఒక్కొక్క ఇంటివారు విడివిడిగా చేయదగిన పనియే గదా, సంఘమునకేల అనవచ్చును. విడివిడిగా ఒకనికి పండ్రెండు రూపాయలు. అందుచేతనే ఎవ్వరును పట్టించుకొనరు. కలిసినచో అది మోటారు నడుపు శక్తి. సహకారమనగా చిన్నచిన్నవానిని కలిపి పెద్దది చేయుటయే. విద్యుచ్ఛక్తి విషయములో సహకారము క్రొత్తదియు కాదు. సిరిసిల్లలో 1970లో విద్యుత్ సరఫరా సహకార సంఘము ఏర్పడెను. మన చిత్తూరు జిల్లా కుప్పములో గ్రామీణ విద్యుత్ సహకార సంఘము ఊరూరికి కరెంటు నందించెను. తీగలు లాగి కరెంటు పంచగలిగిన సహకారమునకు మీట ఆర్పించుట అసాధ్యము కాదు.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు ఈ క్రింది అంశములను ప్రతిపాదించుచున్నాము.

మొదటిది. ప్రతి సభ్యుడును తన యింటిలో టెలివిజను, సెట్ టాప్ పెట్టె, ఛార్జర్లు ఒకే మీటబల్లకు తగిలించి, రాత్రి పండుకొనుటకు ముందు ఆ యొక్క మీటను ఆర్పు ఏర్పాటు చేసికొనవలెను. ఈ బాధ్యతను ఇంటిలోని పిల్లలకు అప్పగించుట మేలు. వారు మరువరు, పెద్దలను మరువనీయరు.

రెండవది. ఎరువులు, విత్తనములవలెనే ప్రమాణపు గుర్తుగల ఛార్జర్లను సంఘము మొత్తముగా కొని, అసలు ధరకు దగ్గరగా సభ్యులకు అందింపవలెను. నూరు మంది కలిసి కొనినప్పుడు మంచి సరుకు సంతసరుకుకంటె ఎక్కువ ధర పడదు.

మూడవది. చచ్చిన, ఉబ్బిన బ్యాటరీలకు సంఘ కార్యాలయములో ఇసుక వేసిన ఇనుపపెట్టె యొకటి ఉంచవలెను. ఉబ్బినదానిని గుచ్చరాదు, నొక్కరాదు, మరల ఛార్జి చేయరాదు, పెంటకుప్పలో వేయరాదు. ఆ కుప్ప రేపు మన పొలమునకే పోవును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాతబ్యాటరీలను మరల తీసికొని శుద్ధిచేయించు బాధ్యత తయారుచేయువారిది. విడిగా ఒక రైతు అడిగినచో వినరేమో గాని, సంఘము పెట్టెడు బ్యాటరీలతో అడిగినచో వినకతప్పదు.

నాలుగవది. ఏడాదికొకమారు, ఎండలు ముదరకముందు, మార్చి నెలలో సంఘ కార్యాలయమునందు ఒక దినము ఏర్పరచి, ఫోనులలో ఛార్జిని నిదానించు ఏర్పాటును పెద్దవారికి చేసిపెట్టవలెను. దీనికి ధనము అక్కరలేదు. మన గ్రామములలో చదువుకొనిన యువకులు, యువతులు నలుగురు చాలుదురు.

ఈ నాలుగింటిలో ఏదియు కష్టసాధ్యము కాదు. మేము గొప్ప లాభములను చూపి ఆశపెట్టుట లేదు. మీట ఆర్పినందున ఇంటికి ఏడాదికి మూడువందల రూపాయల చిల్లర, ఫోను నిలిచినందున రెండువేల పైచిలుకు మిగులవచ్చును. వానలు తప్పిన ఏడు, తోతాపురి ధర పడిపోయిన ఏడు ఆ సొమ్ము విలువ ఏమియో రైతు నడిగిన తెలియును. ధర మన చేతిలో లేదు. వాన మన చేతిలో లేదు. గోడమీట మాత్రము మన చేతిలోనే యున్నది.

ఈ రాత్రి ఈ పత్రికను చదివి ముగించిన సభ్యులు దీపమార్పుటకు ముందు ఒక్కమారు గోడవైపు చూడవలెనని ప్రార్థించుచున్నాము.